జనాభా శాస్త్రజ్ఞుడు శ్రీపతి చంద్రశేఖర్

1918వ సంవత్సరంలో మన దేశాన్ని ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి చుట్టుముట్టినది. ఆ శరదృతువులో అది ఊరూరా చొరబడి కోటిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. నేటి భారత భూభాగంలో 1911లో 25 కోట్ల 21 లక్షలుగా ఉండిన జనసంఖ్య 1921 నాటికి 25 కోట్ల 13 లక్షలకు దిగినది. పదేండ్ల కొకసారి లెక్కలు తీయడం మొదలైన తరువాత జనం తగ్గిన దశాబ్దం మనకు అదొక్కటే. ఆ ఏడు నవంబరు 22వ తేదీన రాజమహేంద్రవరంలో శ్రీపతి చంద్రశేఖర్ జన్మించారు. జనం పెరిగిపోతున్నారని జీవితమంతా ఎలుగెత్తి చెప్పిన మనిషి, జనం తగ్గిన దశాబ్దంలో పుట్టడం ఒక చమత్కారం.

ఈయనను నక్షత్ర భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తో పొరబడేవారు నేటికీ కొందరున్నారు. ఇద్దరూ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినవారే, ఇద్దరూ అమెరికాలో పేరు గడించినవారే. ఆయన నక్షత్రాల పుట్టుక, చావులను గణించారు. ఈయన మనుషుల పుట్టుక, చావులను గణించారు.

చంద్రశేఖర్ బాల్యవిద్య రాయవేలూరులో సాగినది. మద్రాసులో పట్టభద్రులైన పిదప అమెరికాకు వెళ్ళి, న్యూయార్కు విశ్వవిద్యాలయంలో 1944లో డాక్టరేటు పొందారు. అంతకు ముందటి ఏడే వంగదేశంలో లక్షలాది జనం ఆకలితో మాడి చనిపోయారు. తిండి ఎంత, తినే నోళ్ళెన్ని అన్న ప్రశ్న ఆ తరం విద్యార్థులను వెంటాడిన ప్రశ్న. చంద్రశేఖర్‌ను అది జీవితాంతం వదలలేదు. భారతదేశ జనాభాపై ఆయన గ్రంథం 1946లో వెలువడినది. స్వదేశానికి తిరిగివచ్చి అన్నామలై, బరోడా విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా పనిచేశారు. అమెరికా దేశస్థురాలైన ఆన్ డౌన్స్‌ను వివాహమాడారు. వారికి ముగ్గురు కుమార్తెలు.

మద్రాసులో ఆయన నడిపిన జనాభా పరిశోధన సంస్థ పెద్ద భవనాలూ పెద్ద నిధులూ ఉన్నది కాదు. అక్కడినుండే 1957లో పాప్యులేషన్ రివ్యూ అను పత్రికను ప్రారంభించారు. ఆ కాలంలో ఆయన వ్రాసిన వానిలో శిశుమరణాలను గూర్చిన గ్రంథం మిగిలినవానికన్న మిన్న అనవలసి ఉంటుంది. 1901 నుండి 1955 వరకు మన దేశంలో ఏడాది నిండకుండా చనిపోయిన పసికందుల లెక్క అది. పుట్టిన నలుగురిలో ఇద్దరైనా దక్కుతారో లేదో తెలియని తల్లి ఆరుగురిని కనడం అవివేకం కాదని ఆ లెక్కలు చూచినవారికి బోధపడుతుంది. పసిబిడ్డల చావు ఆగితే గాని కాన్పులు ఆగవు. దురదృష్టమేమంటే, మంత్రిపదవిలో చంద్రశేఖర్ పట్టుకున్న పట్టు ఈ సంగతిపైన కాదు.

ఆయన రంగప్రవేశం చేసేనాటికి కుటుంబ నియంత్రణ మన దేశానికి కొత్త మాట కాదు. బొంబాయిలో రఘునాథ ధోండో కర్వే 1921లోనే గర్భనిరోధ సలహాకేంద్రం తెరచి సంఘబహిష్కారం వంటిది అనుభవించారు. మైసూరు సంస్థానం 1930లో ప్రభుత్వ కేంద్రాలను నెలకొల్పినది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1952లో దానిని అధికార కార్యక్రమంగా చేపట్టి ప్రపంచంలో మొట్టమొదటిదైనది. అయితే మొదటి పంచవర్ష ప్రణాళికలో దానికి కేటాయించినది 65 లక్షల రూపాయలు మాత్రమే. పట్టణాలలో కొన్ని కేంద్రాలు, గోడల మీద కొన్ని చిత్రాలు - అంతటితో పదేండ్లు గడిచినవి.

1965, 1966లలో వరుసగా వానలు ముఖం చాటువేసినవి. అమెరికా గోధుమల ఓడలకొరకు ఎదురుచూచే స్థితి ఏర్పడినది. అప్పుడే లూపు వచ్చినది. అమెరికాలోని బఫెలో నగరపు వైద్యుడు జాక్ లిప్పీస్ రూపొందించిన మెలికల ప్లాస్టిక్ సాధనమది. గర్భాశయంలో ఒక్కసారి అమర్చితే ఏండ్ల తరబడి గర్భం రాకుండా కాస్తుంది. దినదినం గుర్తుంచుకోనక్కరలేదు, తీసివేస్తే తిరిగి బిడ్డలు కలుగుతారు. నాటి పాలకులకిది దివ్యౌషధంలా కనిపించినది. కాన్పూరులో కర్మాగారం వెలసినది. 1966 నుండి ఒక్కొక్క లూపుకు 11 రూపాయలు, పురుషుల శస్త్రచికిత్సకు 30, స్త్రీల శస్త్రచికిత్సకు 40 చొప్పున కేంద్రం రాష్ట్రాలకు లెక్కగట్టి ఇచ్చినది. అందులోనే చేయించుకున్నవారికి కొంత, తోడ్కొని వచ్చినవారికి కొంత, వైద్యునికి కొంత.

ఢిల్లీలో తీసుకున్న ఈ నిర్ణయం పల్లెలో ఏమయినదో తెలియాలంటే, గోదావరికి ఇరుదరుల నున్న కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలవంటి చోట్లను తలచుకోవాలి. 1961 లెక్కల ప్రకారం కరీంనగర్ జిల్లాలో సుమారు 16 లక్షలు, ఆదిలాబాదు జిల్లాలో సుమారు 10 లక్షల జనం ఉండేవారు. 1948 వరకు నిజాం ఏలుబడిలో, 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జిల్లాలివి. సమితికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. దానికింద 60, 80 వేల జనం. పదివేల మందికొక నర్సమ్మ ఉండాలన్నది కాగితంమీది నియమం. ఉట్నూరు, ఆసిఫాబాదు అడవులలోని గోండు, కొలాము గూడేలకు వానాకాలంలో వాగులు పొంగితే దారే ఉండదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టి పొట్టపోసుకునే స్త్రీకి ఆనాడు చుట్టిన బీడీలనుబట్టియే ఆనాటి కూలి.

లూపు వేయించుకున్న వారిలో కొందరికి రక్తస్రావం హెచ్చుతుంది; కొందరికి నొప్పి; కొందరికి తెలియకుండానే జారిపోతుంది. ఇవి ప్రాణాంతకమైనవి కావు. పరీక్షచేసి, ముందుగా చెప్పి, వారం తరువాత మరల చూచే మనిషి ఉంటే చాలవరకు సర్దుకునేవే. ఆ మనిషియే లేకపోయినది. ఊరిబడిలో శిబిరం పెట్టి ఒక్కపూటలో పదుల సంఖ్యలో లూపులు వేసి జీపెక్కి పోయిన వైద్యుడు మరల ఆ ఊరు చూచేది ఎన్నడో! అసలే రక్తం చాలని స్త్రీ నెలలో పదిదినాలు మంచం పడితే ఆ ఇంట కుండ కాలదు. ఆమె ఇరుగుపొరుగుతో చెప్పుకున్న మాటకు ప్రభుత్వపు గోడచిత్రాలు ఎంతమాత్రం సరితూగలేదు. లూపు ఒంట్లోకి పాకిపోతుందనీ, కేన్సరు తెస్తుందనీ వదంతులు పుట్టినవి. వదంతులకు అజ్ఞానమే కారణమని అధికారులు వ్రాసుకున్నారు గాని, జవాబు చెప్పే దిక్కు లేనిచోట వదంతి పుట్టక ఏమవుతుంది?

అంకెలు కథను దాచలేదు. 1965-66లో దేశం మొత్తంమీద 8 లక్షల 12 వేల లూపులు, 1966-67లో 9 లక్షల 9 వేలు. ఆ పై యేడు 6 లక్షల 68 వేలకు, 1968-69లో 4 లక్షల 78 వేలకు పడిపోయినవి. వేసిన లూపుల లెక్క ఇది. తీయించుకున్న వానిది వేరు.

ఈ పతనం ప్రారంభమైన తరుణంలోనే, 1967 మార్చిలో, చంద్రశేఖర్ ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు. అంతకు మూడేండ్ల ముందునుండి ఆయన రాజ్యసభ సభ్యులు. రాజకీయాలలో పుట్టి పెరిగినవారు కారు; తాము ఏ విషయంలో పండితులో ఆ విషయానికే మంత్రి కావడం మన దేశంలో అరుదైన యోగం. ఏటా వేయిమందికి 41గా ఉన్న జననాలను 25కు దించాలన్నది నాటి లక్ష్యం. ఆయనకు తొందర ఎక్కువ. ఆ తొందరకు కారణం లేకపోలేదు: రెండు నిమిషాలు గడిస్తే ఎందరు పుడతారో, ఇరువదేండ్లకు వారికెన్ని బడులు, ఎంత ధాన్యం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషికి నిదానం ఎక్కడినుండి వస్తుంది?

మంత్రిగా ఆయన మొగ్గు పురుషుల శస్త్రచికిత్సవైపు. అది పదినిమిషాలపని, కడుపు కోయనక్కరలేదు, మగవాడు నడిచివచ్చి నడిచిపోతాడు. భారమంతా ఆడదానిపైన వేయక, సగం మగవాడు మోయాలన్న న్యాయం కూడ అందులో ఉన్నది. శస్త్రచికిత్సలు 1966-67లో 8 లక్షల 87 వేలు కాగా, మరుసటి యేడు 18 లక్షల 39 వేలకు ఎగబ్రాకినవి. చేయించుకున్నవారికి ట్రాన్సిస్టర్ రేడియో బహూకరించాలని ఆయన ప్రతిపాదిస్తే పత్రికలు ఎగతాళి చేసినవి. ఎర్ర త్రికోణం గుర్తు, నలుగురి ముఖాల బొమ్మ ఊరూరి గోడలకు ఎక్కినవి. 1968లో నిరోధ్ తొడుగులు అంగళ్ళకు వచ్చినవి: మూడింటికి 15 పైసలు. టీపొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే పెద్ద కంపెనీల సరఫరా మార్గాలలోనే అవి పల్లె దుకాణాలకు చేరినవి. ఇది నిజంగా తెలివైన పని. అడిగేవాని ముఖం ఎర్రబడకుండా, వైద్యుని దగ్గర చేతులు కట్టుకు నిలువకుండా దొరికిన మొదటి సాధనం అదే. నోటిమాత్రలను మాత్రం కార్యక్రమంలో మితంగానే వాడారు. ప్రతిదినం మింగవలసినదానిని చదువురాని స్త్రీకి ఎట్లు అప్పగించడం అన్నది నాటివారి సంశయం. చదువురాని స్త్రీ ఏకాదశినీ, అమావాస్యనూ ఏనాడూ మరువదన్న సంగతి వారికి తోచకపోవడం వింత.

ముగ్గురు, అంతకు మించి బిడ్డలున్న పురుషులకు శస్త్రచికిత్సను నిర్బంధం చేయాలని 1967లో చంద్రశేఖర్ సూచించారు. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. అన్ని లక్షలమందికి శస్త్రచికిత్స చేయడానికి వైద్యులెక్కడ, చేసిన తరువాత చూచేవారెక్కడ అన్నవారు కొందరు. మనిషి శరీరంపై ప్రభుత్వానికి అంతటి హక్కెక్కడిదన్నవారు కొందరు. ఆయన పక్షాన ఎంత వాదించినా, ఈ సూచన ఆయన జీవితంలో నీడపడిన చోటు. శిశుమరణాల గ్రంథం వ్రాసిన చేతినుండి ఇది రావడం విచారకరం. జనాన్ని కోట్లలో చూచి చూచి, ఒక్క మనిషి ముఖం చూచే అలవాటు తప్పిపోయినదేమో.

ఆయన కృషిచేసిన మరొక విషయం చట్టబద్ధమైన గర్భస్రావం. దొంగచాటుగా మొరటు మందులకూ, పుల్లలకూ బలి అవుతున్న స్త్రీలను గూర్చి 1964లో నియమితమైన శాంతిలాల్ షా సంఘం 1966లో నివేదిక ఇచ్చినది. దానిని ఆధారం చేసుకొని బిల్లు 1969లో రాజ్యసభలో ప్రవేశించినది. 1970లో చంద్రశేఖర్ పదవి వీడారు. బిల్లు 1971లో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఆ ఒక్క చట్టంవలన దక్కిన తల్లుల ప్రాణాలు ఆయన ఖాతాలో తప్పక చేరవలసినవి.

పదవి వీడిన తరువాత ఆయన మరల అధ్యాపకులయ్యారు. 1975లో అన్నామలై విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. అదే యేడు అత్యవసర పరిస్థితి వచ్చినది. 1976-77లో దేశంలో 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. రేషను కార్డు, జీతం, బదిలీ - అన్నింటికీ శస్త్రచికిత్స పత్రంతో ముడిపెట్టారు. ఉత్తరాదిన పల్లెలు అధికారులను చూచి పొలాలలోకి పరుగెత్తినవి. 1977 ఎన్నికలలో ప్రభుత్వం కూలిపోయినది. కుటుంబ నియంత్రణ అన్న పేరే మారి కుటుంబ సంక్షేమం అయినది. ఆ దురాగతాలకు చంద్రశేఖర్ బాధ్యులు కారు. ఆయన అప్పటికి అధికారంలో లేరు. కాని పదేండ్లనాడు ఆయన బాహాటంగా పలికిన నిర్బంధమన్న మాట అప్పటికి కొందరి చెవులకు అలవాటైపోయి ఉన్నదనడం అన్యాయం కాదు. మగవారి శస్త్రచికిత్సకు ఆ రెండేండ్లలో వచ్చిన చెడ్డపేరు నేటికీ పూర్తిగా పోలేదు. భారం తిరిగి స్త్రీలపైననే పడినది.

వృద్ధాప్యంలో ఆయన గ్రంథరచనకు పూనుకున్నారు. 1877లో లండనులో గర్భనిరోధాన్ని గూర్చిన చిన్నపొత్తాన్ని అచ్చువేసిన నేరానికి విచారణకు గురైన అనీబిసెంటు, బ్రాడ్లా దంపతులు కారు, సహచరులు. వారి కథను 1981లో వెలువరించారు. మదనపల్లె కళాశాల స్థాపకురాలిగా మాత్రమే అనీబిసెంటును ఎరిగిన తెలుగువారికి ఆ గ్రంథం కొత్త ముఖాన్ని చూపుతుంది.

చంద్రశేఖర్ అమెరికాలో శేషజీవితం గడుపుతుండగా, ఆయన జన్మించిన రాష్ట్రంలోనే లూపుకథ మరొక రూపంలో పునరావృతం కాబోయినది. ఈమారు వచ్చినది సూది. స్త్రీశరీరంలో సహజంగా ఊరే ప్రొజెస్టిరోన్ అను హార్మోనుకు సాటిగా తయారుచేసిన మందును కండలోకి ఎక్కిస్తే, అది నెమ్మదిగా రక్తంలో కలుస్తూ అండం విడుదల కాకుండా ఆపుతుంది. నెట్-ఎన్ అను రకం రెండునెలల కొకసారి, డిపో ప్రొవెరా అను రకం మూడునెలల కొకసారి వేయాలి. లూపువలెనే ఇదీ రోజూ గుర్తుంచుకోనక్కరలేనిది. లూపువలెనే ఋతుక్రమాన్ని తారుమారు చేసేది. పైగా లూపును కావలెనన్నప్పుడు తీయవచ్చు, ఎక్కించిన మందును తీయలేము. సూది మానిన తరువాత గర్భం నిలవడానికి నెలలు పట్టవచ్చు.

1985లో హైదరాబాదు చేరువలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ప్రయోగం జరుగుతున్నదని తెలిసి, స్త్రీశక్తి సంఘటన అను హైదరాబాదు మహిళాసంఘం అక్కడికి వెళ్ళినది. తమపై జరిగేది ప్రయోగమన్న సంగతీ, దాని చెడుఫలితాల సంగతీ అక్కడి స్త్రీలకు తెలియజెప్పలేదని ఆ సంఘం ఆక్షేపించి, మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసినది. 14 ఏండ్లు సాగిన ఆ వ్యాజ్యం 2000లో ముగిసినది. సామూహికంగా ఈ సూదిని వాడడం తగదనీ, ముందు సలహా, తరువాత పర్యవేక్షణ ఉన్నచోటనే వాడవచ్చుననీ ప్రభుత్వం ఒప్పుకున్నది. 1966లో జగిత్యాల బీడీకార్మికురాలు అడగదలచి అడగలేకపోయిన ప్రశ్నయే ఈ వ్యాజ్యంలో అడిగినది: వేసినవారు రేపు ఎక్కడుంటారు?

డిపో ప్రొవెరా 1993లో ప్రైవేటు వైద్యానికి అనుమతి పొందినది. ప్రభుత్వ వైద్యశాలలలో అంతర అను పేరుతో ఉచితంగా ఇవ్వడం 2017లో ఆరంభమైనది. మూడునెలల కొకసారి రావలసిన తేదీ వ్రాసిన కార్డు స్త్రీచేతి కిస్తారు. ఉమ్మడి ఆదిలాబాదు 2016లో నాలుగు జిల్లాలయినది. కరీంనగర్ కూడ చీలినది. ఆశా కార్యకర్తలు ఊరూరా ఉన్నారు. లూపుకాలంతో పోల్చితే ఇది గొప్ప మార్పే. అయినను వాగు అవతలి గూడెంలో మూడవనెల సూది వానాకాలంలో పడితే ఏమిటన్నది ఆ వాగుపై వంతెన ఉన్నదా లేదా అన్నదానిపైననే ఆధారపడి ఉంటుంది.

కరీంనగర్ జిల్లా విషయంలో ఒక విశేషం చెప్పుకోవాలి. 1990ల తరువాత కత్తిగాటు లేకుండా చేసే పురుషుల శస్త్రచికిత్స వచ్చినప్పుడు, మగవారు మొగ్గుచూపని రాష్ట్రంలో ఆ జిల్లా మాత్రం దానికి పేరు పొందినది. దూరపు శిబిరంనుండి జీపు వచ్చి పోవడంవలన అలవడే నమ్మకం కాదది. చేయించుకున్న మనిషి మరునాడు పొలంలో కనిపిస్తాడు. ఏదైనా అయితే చూచే వైద్యుడు జిల్లాలోనే ఉంటాడు. మంత్రిగా చంద్రశేఖర్ కోరుకున్నది ఇదే, కాని ఆయన ఎంచుకున్న దారి వేరు.

2001 మార్చి చివర ఆ యేటి జనాభా లెక్కల తొలి అంకెలు వెలువడినవి. దేశ జనసంఖ్య నూరుకోట్లు దాటి 102 కోట్ల 70 లక్షలయినది. ఆ అంకెలలోనే ఆంధ్రప్రదేశ్ పదేండ్ల పెరుగుదల 24 శాతంనుండి 14 శాతం దరిదాపులకు దిగినది. పెద్ద రాష్ట్రాలలో ఇంత ఒక్కసారిగా దిగినది మరొకటి లేదు. ఆ తగ్గుదల లూపువలన వచ్చినది కాదు, సూదివలన కాదు, ట్రాన్సిస్టర్ రేడియోవలన అంతకన్న కాదు. ఇద్దరో ముగ్గురో బిడ్డల తరువాత ఆసుపత్రిలో కడుపు కోయించుకున్న తెలుగు తల్లుల నిర్ణయం అది. ఆ అంకెలు వెలువడిన మూడవనెలలో, జూన్ 14వ తేదీన, చంద్రశేఖర్ అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆయన వ్రాతప్రతులు, ఉత్తరాలు ఒహాయో రాష్ట్రంలోని టొలీడో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచి ఉన్నవి.